పిల్లల నడకకు మేం పెట్టిన జంట నియమం

1994లో భిలాయి ఉక్కు కర్మాగారంలో నన్ను బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి గ్యాస్ సేఫ్టీ విభాగానికి మార్చారు. అప్పటికి నేను జూనియర్ మేనేజర్ని. ఆ విభాగానికి పెద్ద అప్పలస్వామి గారు. సీనియర్ మేనేజర్, బొబ్బిలి వైపు మనిషి. భిలాయి వచ్చి పాతికేళ్లు దాటినా ఆయన మాటలో ఆ యాస పోలేదు, పోగొట్టుకోవాలని ఆయన అనుకోనూ లేదు. ఆయన రిటైరయ్యేదాకా ఆయన కిందే పనిచేశాను.

మొన్న వానాకాలంలో ఆయన పోయారు. సంతాప సభలో మాట్లాడినవాళ్ళంతా గ్యాస్ లైన్ల మీద ఆయన చేసిన పనుల గురించి చెప్పారు. నన్నూ మాట్లాడమన్నారు. లేచి రెండు మాటలు చెప్పి కూర్చున్నాను. అక్కడ చెప్పలేకపోయిన సంగతి ఒకటి ఇక్కడ రాస్తున్నాను. ఇది కర్మాగారం గేటు బయట జరిగింది. అయినా మా వృత్తికి సంబంధించినదే.

ముందు ఆ వృత్తి ఏమిటో చెప్పాలి. ఇనుము కరిగే కొలిమిలోంచి వచ్చే వాయువును ఎవరూ పారెయ్యరు. మనిషి నిలబడి నడవగలిగినంత పెద్ద గొట్టాల్లో దాన్ని కర్మాగారంలోని మిగతా విభాగాలకు పంపి ఇంధనంగా వాడుకుంటారు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగూ వాసనా లేవు. కాస్త ఎక్కువగా పీల్చినవాడికి తనకేదో అవుతోందని తెలిసేలోపు కాళ్ళు పనిచెయ్యవు. అందుకే ఆ గొట్టాల మీద ఫిట్టర్లు చెయ్యి వెయ్యాలంటే ముందు మా మనుషులు వీపున గాలి సిలిండర్, ముఖానికి మాస్కు పెట్టుకుని వెళ్ళి చూసి, పర్మిట్ మీద సంతకం చెయ్యాలి.

మా విభాగానికి ఒక నియమం ఉండేది. గ్యాస్ ఉన్నచోటికి ఎవరూ ఒంటరిగా వెళ్ళరు, జంటగా వెళ్తారు. ఇద్దరిలో ఒకరికి తల తిరిగినా, సిలిండర్లో గాలి తగ్గినా, రెండోవాడు ఎంత బాగున్నా సరే ఇద్దరూ బయటికి రావాలి. పని పావువంతే మిగిలినా అంతే. లోపల ఒక్కడే మిగిలితే, వాడు పడిపోయినప్పుడు లాగడానికి మనిషి ఉండడు కాబట్టి. ఈ నియమాన్ని అప్పలస్వామి గారు ఎంత గట్టిగా అమలు చేసేవారంటే, మరమ్మతుకు లైను ఆపిన షట్‌డౌన్ ఆలస్యమైందని పై అధికారి ఫోన్లో కేకలేస్తున్నా, రిసీవర్ చెవికి దూరంగా పట్టుకుని ఆ ఇద్దరూ మెట్లు దిగేదాకా చూస్తూ నిలబడేవారు.

1996 దసరా సెలవులకు ముందు, సెక్టర్ 6లో ఉండే మా తెలుగువాళ్ళ సంఘం ఒక ఆలోచన చేసింది. దుర్గ్ దాటి, శివనాథ్ వంతెన అవతల, వినికిడి లేని పిల్లల బడి ఒకటి ఉండేది. దూరం నుంచి వచ్చిన పిల్లలు అక్కడ రెండు అద్దె గదుల్లో ఉండేవాళ్ళు. వాళ్ళకు సరైన వసతి గదులు కట్టించడానికి చందాలు పోగుచెయ్యాలి. మన పిల్లలే సెక్టర్ 6 నుంచి ఆ బడి దాకా నడిస్తే, ఆ నడకను చూసి ఊరంతా ఇస్తుందని ఎవరో అన్నారు. దారి ఇరవై కిలోమీటర్ల పైమాటే. నడిచేవాళ్ళు పది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలు.

పిల్లలు నడవగలరా అన్న ప్రశ్న మీద సంఘం హాల్లో సాయంత్రమంతా వాదన జరిగింది. స్కూలు బస్సు తప్పిపోతే సివిక్ సెంటర్ నుంచి ఇంటికి నడవలేక రిక్షా ఎక్కే పిల్లలు ఇరవై కిలోమీటర్లేమి నడుస్తారని ఒక తండ్రి అన్నాడు. తన చిన్నప్పుడు రెండు గెడ్డల నీళ్ళు దాటి బడికెళ్ళేవాణ్ణని ఒక పాత ఫోర్‌మన్ అందుకున్నాడు. "నువ్వు బడికెళ్ళావో లేదో ఎవడు చూశాడు బావా" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వులయ్యాక ఒక తల్లి లేచి, కబుర్లు సరే, ఎవరైనా పడిపోతే ఎవరిది బాధ్యత అని అడిగింది. అప్పుడందరూ అప్పలస్వామి గారి వైపు చూశారు. సేఫ్టీ అన్నది ఆయన పేరులో భాగమైపోయింది.

ఆయన దాన్ని ఒక షట్‌డౌన్ పనిలాగే తీసుకున్నారు. ఆసుపత్రి డాక్టరును అడిగితే, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు నెమ్మదిగా, ఆగుతూ, నీళ్ళు తాగుతూ అంత దూరం నడవగలరని చెప్పాడు. మేమిద్దరం ఒక ఆదివారం ఆ దారంతా నడిచి చూశాం. ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ లారీలు ఎక్కువ, ఎక్కడ పక్క రోడ్డు పట్టాలి అన్నది రాసుకున్నాం. అందరికంటే చిన్నపిల్ల నడిచే వేగమే అందరి వేగం. కొత్త బూట్లు తొడగకూడదు. దారిలో ఆగే చోట్లు, అక్కడ నీళ్ళ డ్రమ్ములు. వెనకాల ఒక జీపు, అందులో నర్సు. వీటన్నిటి మీదా ఆయన మా జంట నియమం పెట్టారు. పిల్లల్లో ప్రతి ఒక్కరికీ ఒక జంట. ఒకరు ఆగిపోతే ఇద్దరూ జీపెక్కాలి. ఎవరూ రోడ్డు మీద ఒంటరిగా మిగలకూడదు.

తల్లిదండ్రులకు అన్నిటికంటే నచ్చింది ఈ నియమమే. నాకూ నచ్చింది. అది విన్నాకనే చాలామంది పిల్లల పేర్లు ఇచ్చారు.

పిల్లల్లో ఇద్దరి గురించి చెప్పాలి. పద్మ మా పక్క క్వార్టర్ పిల్ల. తండ్రి రోలింగ్ మిల్లులో ఆపరేటర్, శ్రీకాకుళం మనిషి. పద్మ పుట్టింది ఇక్కడే, కాబట్టి హిందీలో మొదలుపెట్టి తెలుగులో ముగించేది. నిద్రలో తప్ప నోరు మూసేది కాదు. ఆమె జంట సుజాత, అదే తరగతి, కాకినాడ వైపు క్రైస్తవ కుటుంబం. సుజాత తమ్ముడు శామ్యూల్ ఆ బడిలోనే, ఆ అద్దె గదుల్లోనే ఉంటున్నాడు. అక్కడిదాకా నడిచి వస్తానని సుజాత వాడికి సైగలతో చెప్పింది. వాడు నమ్మలేదట. బస్సులో వచ్చి నడిచానని చెప్తావు అన్నాడట. ఈ సంగతి పద్మ మా వీధంతా చెప్పింది. కాబట్టి సుజాత నడిచి ఆ గేటు దాకా చేరాలన్నది ఒక్క సుజాత పట్టుదల కాదు, పద్మది కూడా.

దసరా సెలవుల్లో, నడక రోజు పొద్దున్నే సెక్టర్ 6 మైదానంలో బయల్దేరాం. జీపులో అప్పలస్వామి గారూ, కర్మాగారం ఆసుపత్రి నర్సు సిస్టర్ ఎస్తేరూ ఉన్నారు. ఆమెకు ముందురోజే కబురు చేశాం. డాక్టరును అడిగాం గానీ ఆమెను ఏమీ అడగలేదు, రమ్మన్నాం అంతే.

దుర్గ్ దాకా ఇబ్బందేమీ లేదు. ఆగిన ప్రతిచోటా నేను పిల్లల్ని వరసగా అడుగుతూ పోయాను. "ఎలా ఉంది?" అంటే "ఠీక్ హై అంకుల్" అనేవాళ్ళు. నేను తరవాతి పిల్ల దగ్గరికి వెళ్ళేవాణ్ణి. దుర్గ్ దగ్గరికి వచ్చేసరికి పద్మ, సుజాత వరస చివరికి పడ్డారు. వాళ్ళు పరిగెత్తుకుంటూ వచ్చి మళ్ళీ కలిసినప్పుడు ముందున్న మగపిల్లలు, "ఆ గయా గార్డ్ డబ్బా!" అని, రైలు చివరి గార్డు పెట్టె వచ్చిందన్నట్టు అరిచారు.

"గార్డ్ ఝండీ ఊపకపోతే నీ ఇంజన్ కదలదు, సమఝా?" అంది పద్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

శివనాథ్ వంతెన దాటేసరికి ఎండ ముదిరింది. అప్పలస్వామి గారు జీపు దిగి వరస పక్కన కొంతదూరం నడిచారు. తరవాత నా దగ్గరికి వచ్చి, పద్మ వైపు చూస్తూ మెల్లిగా అడిగారు.

"ఏటయ్యా మూర్తీ, ఆ పిల్ల మాటాడ్డం లేదేటి?"

అలసిపోయి ఉంటుందన్నాను. అడిగితే బాగున్నానంటోంది అని కూడా చెప్పాను.

"గ్యాస్ తగిలినోడిని అడిగితే ఏటంటాడు?"

"బాగున్నానంటాడు."

"మరి నీకెలా తెలుస్తాది?"

మా పనిలో అది మొదటి పాఠం. మనిషి పడిపోవడం ఆఖరున జరుగుతుంది. అంతకుముందే వాడు వేళాకోళం మానేస్తాడు, అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబిస్తాడు. నాకు తెలియనిదేమీ కాదు. ఒక పిల్ల విషయంలో అది గుర్తుకు రాలేదు.

వరసను ఒక చింతచెట్టు నీడన ఆపించారు. పద్మ మొహం ఎర్రబడి ఉంది, పెదాలు ఎండిపోయాయి. తలనొప్పి ఉందా అంటే లేదంది గానీ కళ్ళు చిట్లించుకునే ఉంది. సిస్టర్ ఎస్తేరు ఆమె భుజాన ఉన్న నీళ్ళ సీసా తీసి చేత్తో బరువు చూశారు. మూత దాకా నిండుగా ఉంది.

"నీళ్ళు తాగలేదేమ్మా?"

"ప్యాస్ లేదు ఆంటీ."

సిస్టర్ మా వైపు తిరిగి, "మీరిద్దరూ కాస్త అవతలికి వెళ్ళండి సార్" అన్నారు. వెళ్ళాం. ఆ పిల్లలిద్దరితో మాట్లాడి ఆమె మా దగ్గరికి వచ్చి చెప్పింది ఇది.

పొద్దున పద్మ సీసాలో నీళ్ళన్నీ తాగింది, చెప్పినట్టే. దాంతో దారిలో రెండుసార్లు పక్కకు వెళ్ళాల్సి వచ్చింది. రోడ్డు పక్కన ఎక్కడా చాటు లేదు. పొదలు వెతుక్కుంటూ చాలాదూరం పోవాలి, సుజాత కాపలా నిలబడాలి. వచ్చేసరికి వరస ముందుకెళ్ళిపోయేది. ఇద్దరూ పరిగెత్తి అందుకున్నారు, గార్డ్ డబ్బా అనిపించుకున్నారు. మూడోసారి వెనకబడితే ఇద్దర్నీ జీపెక్కిస్తారని పద్మకు భయం పట్టుకుంది. తన వల్ల సుజాత ఆగిపోకూడదు. అందుకని దుర్గ్‌లో సీసా నింపుకుంది గానీ తాగడం మానేసింది.

"మీ ప్లానులో నీళ్ళకు ఏర్పాటుంది సార్" అన్నారు సిస్టర్, గొంతు పెంచకుండానే. "తాగిన నీళ్ళకు ఏర్పాటు లేదు."

మేం ఆదివారం ఆ దారంతా నడిచి రాసుకున్నాం కదా. మాకు ఎక్కడ కావాలంటే అక్కడ రోడ్డు దిగి నిలబడి, మళ్ళీ నడక సాగించాం. అది రాసుకోవాల్సిన విషయంగా మాకు తోచనే లేదు. "నిజమేనమ్మా" అన్నారు అప్పలస్వామి గారు. "మమ్మల్ని తరవాత తిడుదువు గాని, ముందు పిల్లని సూడు."

సిస్టర్ మాట స్పష్టంగా ఉంది. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించాలి, పడుకోబెట్టాలి, ఇవాళ ఇక నడవకూడదు. ఇప్పుడే చూసుకుంటే ఫరవాలేదు, ఇంకాసేపు ఈ ఎండలో నడిస్తే ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుంది.

పద్మ జీపెక్కనంది. రెండు చేతులతో చింతచెట్టు వేరు పట్టుకుని కూర్చుంది.

"నేను ఎక్కితే సుజాతా భీ ఎక్కాలి కదా అంకుల్. రూల్ మీరే పెట్టారు."

"ఎక్కుతాలే" అంది సుజాత. "తమ్ముడికి తరవాత చెప్పుకుంటా." అప్పటికే తన సంచీ తీసి జీపులో పడేసింది. ఆమె ఏడవలేదు. రోడ్డు వైపు చూడకుండా నిలబడింది. అది చూసి పద్మ, "కాదు, మై చల్ సక్తీ హూఁ, నడవగలను" అంటూ లేవబోయి తూలింది. సిస్టర్ పట్టుకున్నారు.

అక్కడ మాకు తెలిసివచ్చింది. పిల్లల్ని కాపాడడానికి పెట్టిన నియమమే, జబ్బుపడిన పిల్లను జీపెక్కకుండా ఆపుతోంది. ఎత్తి కూర్చోబెట్టడం కష్టం కాదు. కానీ ఎత్తి కూర్చోబెడితే, తక్కిన పిల్లల్లో ఎవరికి బాగాలేకపోయినా ఇకమీదట అసలు చెప్పరు.

అప్పలస్వామి గారు పద్మ ఎదురుగా గొంతుక్కూర్చున్నారు.

"మీ నాన్న డ్యూటీ ఎప్పుడు దిగుతాడమ్మా?"

"రిలీవర్ వస్తే."

"రానంతసేపు?"

"కూర్చునే ఉంటాడు. రెండు షిఫ్టులు భీ చేస్తాడు."

"మరి రిలీవర్ వచ్చీసినాక కూడా నేనెల్లనని కూకుంటాడేటి?"

"ఎందుకు కూర్చుంటాడు? ఘర్ వచ్చేస్తాడు."

"అలగైతే నీ రిలీవర్ వచ్చీసినాడు. నువ్వు డ్యూటీ దిగు."

పద్మ చుట్టూ చూసింది. "ఎవరు?"

"నేనే."

ఆయనకు అప్పటికి యాభై దాటింది, కాస్త పొట్ట. కాళ్ళకు కర్మాగారంలో తొడుక్కునే బరువైన సేఫ్టీ బూట్లు. పద్మ ఆ బూట్ల నుంచి తల దాకా చూసి, "మీరు చల్ సకేంగే క్యా అంకుల్?" అని అడిగింది. సంఘం హాల్లో వాదన జరిగిన సాయంత్రం నుంచి మేమందరం పిల్లల గురించి అడుగుతున్న ప్రశ్న అదే, నడవగలరా అని.

"సుజాత లాక్కొస్తాదిలే" అన్నారాయన.

కర్మాగారం టౌన్‌షిప్‌లో పుట్టిన ఏ పిల్లకైనా రిలీవర్ అంటే, డ్యూటీ అందుకోవడానికి వచ్చే తరవాతి షిఫ్టు మనిషంటే తెలుసు. వాడు రాకపోతే నాన్న భోజనానికి రాడు, వాడొస్తే నాన్న తలెత్తుకుని ఇంటికొస్తాడు. అందులో ఓడిపోవడమేమీ లేదు. పద్మ చెట్టు వేరు వదిలింది. జీపెక్కి, దిగిపోయే షిఫ్టువాడు వచ్చేవాడికి చెప్పినట్టే ఛార్జి అప్పగించింది. సుజాతకు పాటలు రావు, పాడమనకండి. లారీ వస్తే ఆమె ఎడమకు బదులు కుడికి పోతుంది, చూసుకోండి. నీళ్ళు తాగడం మర్చిపోతుంది, మీరే గుర్తుచెయ్యాలి.

"నీ కన్నా నయమే" అన్నారు సిస్టర్, గ్లాసు ఆమె నోటికి అందిస్తూ.

తరవాత సిస్టర్ నాకొక పని చెప్పారు. వరస కదిలేలోపు మిగతా ఆడపిల్లల సీసాలు చేత్తో ఎత్తి చూడమన్నారు. చూశాను. చాలావరకు బరువుగానే ఉన్నాయి. వాళ్ళందరూ పొద్దుట నుంచి నాకు ఠీక్ హై అని చెప్పినవాళ్ళే. అందరికీ అక్కడే నీళ్ళు తాగించి, నేను జీపులో ముందున్న పల్లెకు వెళ్ళాను. మొదటి ఇంట్లో ఒక ఛత్తీస్‌గఢీ ముసలామె వడ్లు ఎండబోస్తోంది. సంగతి చెప్పడానికి నేను తడబడ్డాను. ఆమెకు సగం మాటలోనే అర్థమైంది. పెరటి తలుపు తీసి, పిల్లలు వచ్చాక గుమ్మంలో నిలబడి "ఆ నోనీ, ఆ", అంటే రా పిల్లా రా అని ఒక్కొక్కరినే లోపలికి పంపింది. మగపిల్లలు రోడ్డు మీద ఎదురుచూశారు. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు.

బడి దగ్గరికి చేరేసరికి పొద్దు వాలుతోంది. పద్మ తేరుకుని జీపులో కూర్చుని మళ్ళీ మాట్లాడుతోంది. సుజాత నడిచే వచ్చింది. పక్కన అప్పలస్వామి గారు కుంటుతున్నారు. గేటు దగ్గర శామ్యూల్ అక్కను చూసి పరిగెత్తుకు రాలేదు. ఆయన్ని ఎగాదిగా చూసి ఏదో సైగ చేశాడు. ఏమన్నాడని అడిగాం.

"ఈ తాతయ్యని ఎందుకు నడిపించావు అంటున్నాడు" అంది సుజాత.

కథ ఇక్కడితో అయిపోతే రాసేవాణ్ణి కాదు. సెలవుల తరవాత మొదటి షిఫ్టులో ఆయన మా విభాగం మనుషులందర్నీ కూర్చోబెట్టారు. పాదాలకు బొబ్బలుండి ఇంకా చెప్పులతోనే వచ్చారు. నడక సంగతి ఏమీ చెప్పకుండా ఒక్క ప్రశ్న అడిగారు. లోపల ఉన్నప్పుడు తల బరువెక్కినా, జంటవాడు కూడా దిగాల్సొస్తుందని చెప్పకుండా ఉండిపోయినోళ్ళు ఎవరు?

అందరికంటే పాత మనిషి అడిగాడు. "సెప్తే ఏటవుతాదండి?"

"ఏటీ అవదు. నాకు తెలియాల."

అతను చెయ్యెత్తాడు. తరవాత ఇంకొకతను. తరవాత గదిలో చేతులు దించి ఉన్నవాళ్ళను లెక్కపెట్టడమే తేలికైంది. వాళ్ళు చెప్పిన కారణాలు పెద్దవేమీ కావు. ఒకతని జంటవాడు ఆ సాయంత్రం రైలుకి ఊరెళ్ళాలి, పని ఆగితే వెళ్ళలేడు. ఇంకొకతని జంటవాణ్ణి అంతకుముందు వారమే ఆలస్యానికి మందలించారు. ఎవరూ నియమాన్ని తప్పలేదు. ఏ మాటతో నియమం మొదలవ్వాలో, తల తిరుగుతోందన్న ఆ మాటను మింగేశారు, అంతే. అందరూ ప్రాణాలతో ఉండడం వల్ల మా నియమం బాగా పనిచేస్తోందని మేం అనుకుంటూ వచ్చాం.

ఆ నెలలోనే ఆయన పైకి రాసి పంపారు. ప్రతి గ్యాస్ పనికీ మూడో మనిషి మాస్కుతో సిద్ధంగా బయట ఉండాలి. లోపలున్నవాడు కారణం చెప్పకుండా దిగిపోవచ్చు, మూడోవాడు వెళ్తాడు, జంట విడిపోదు, పని ఆగదు. మనుషులు ఎక్కువ కావాలి కాబట్టి పెద్ద పనులకు ఒప్పుకున్నారు, చిన్న పనులకు ఒప్పుకోలేదు. చిన్న పనులప్పుడు ఆయనే మాస్కు పట్టుకుని బయట నిలబడడం నేను చాలాసార్లు చూశాను. ఆయన తరవాత నేను నిలబడ్డాను. బాగున్నావా అని లోపలివాణ్ణి అడగడం కూడా మానేశాం. సిలిండర్ గేజి ఎంత చూపిస్తోందో చదవమనేవాళ్ళం, వాడు చదివే తీరు వినేవాళ్ళం.

మరుసటి ఏడు ఇంకో సెక్టర్ వాళ్ళు ఇలాంటి నడకే పెట్టుకుని, పిల్లలు అంతదూరం నడవగలరా అని మా దగ్గరికి వచ్చారు. నడవగలరని చెప్పి, మిగతా విషయాలకు ముందు సిస్టర్ ఎస్తేరు దగ్గరికి పంపించాం.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇది. నియమం పెట్టేటప్పుడు దాన్ని తప్పించుకోవాలని చూసేవాడు ఏం చేస్తాడో ఆలోచిస్తాం. ఆ నియమం వల్ల తన పక్కవాడికి నష్టం రాకూడదనుకునేవాడు ఏం చేస్తాడో ఆలోచించం. ప్రమాదంలో పడేది ఎక్కువగా ఈ రెండోవాడే. వాడు మనకు కనిపించడు, ఎందుకంటే అడిగిన ప్రతిసారీ బాగున్నానని చెప్తాడు.